మూడోవంతు

గతవారం మనం బుల్లిబాబును మేడ్చల్‌లో, లాయరు పార్వతీదేవి ఆఫీసు మెట్ల మీద వదిలాం. లోపలికి వెళ్ళాలా, వెనక్కి తిరిగి షామీర్‌పేట బస్సెక్కాలా అని తేల్చుకోలేక చెప్పులు విప్పాడు, తొడుక్కున్నాడు, మళ్ళీ విప్పాడు.

అమలాపురం నుంచి వచ్చి జీడిమెట్ల మందుల కంపెనీలో పనిచేసుకుంటూ, తొంభైనాలుగులో షామీర్‌పేట ఊరి చివర సిరాజుద్దీన్ అనే రైతు దగ్గర బుల్లిబాబు ఒక స్థలం కొన్నాడు. ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత, ఆ స్థలంలో తనకు వాటా ఉందని సిరాజుద్దీన్ చెల్లెలు సకీనా కోర్టుకెక్కింది. అది వాళ్ళ తండ్రి వదిలిపోయిన స్థలం. అంతకుమించి ఆయన ఆ అన్నాచెల్లెళ్ళకు వదిలిపోయిందేమీ లేదు.

రేపు బుల్లిబాబు బోనెక్కాలి. నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర సిరాజుద్దీన్ కాపు కాసి, చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇంకా అతని చెవిలోనే ఉంది. "నా చెల్లె తన హిస్సా నాకిచ్చేసిందని, గా మాట నీ ముందటనే అన్నదని చెప్పు భాయ్. నీ ఇల్లు నీకుంటది, నా ఇజ్జత్ నాకుంటది."

ఆ మాట మోసుకునే బుల్లిబాబు లోపలికి అడుగుపెట్టాడు.

పార్వతీదేవి ఆఫీసు సిమెంటు దుకాణం మీది గది. కింద బస్తాలు దించుతున్న చప్పుడుకు బల్ల మీది గ్లాసులో నీళ్ళు కదులుతున్నాయి. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, కుర్చీ చూపించింది.

"మీ ప్రమాణపత్రం రేపు పొద్దున కోర్టుల వెయ్యాలె. ఇయ్యాల్నే టైపుకు ఇయ్యాలె. చెప్పుండ్రి, ఏం రాయమంటరు?"

బుల్లిబాబు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్‌గారూ, ముసల్మానుల్లో నోటిమాటతో ఆస్తి ఇచ్చేసినా చెల్లుతుందటగా?"

"హిబా అంటరు దాన్ని. కాగితం లేకున్నా చెల్లుతది. కాని ఇచ్చేటోళ్ళు నోరు తెరిచి ఇచ్చిన అనాలె. పుచ్చుకునేటోళ్ళు పుచ్చుకున్న అనాలె. జాగా వాళ్ళకు అప్పజెప్పాలె. ఇవన్నీ జరిగినయని చూసినోళ్ళు వచ్చి చెప్పాలె. ఎందుకు అడుగుతున్నరు?"

"ఆ చూసినవాణ్ణి నేనేనండి. సకీనా ఇచ్చేశానని అంటే నేను విన్నానండి."

పార్వతీదేవి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. 

"బుల్లిబాబుగారూ, మొదటి దినం మీరు గీ కుర్చీలనే కూసొని నాతోటి ఏమన్నరు? సిరాజుద్దీన్‌కు చెల్లె ఉన్న సంగతే నాకు తెల్వదన్నరు. ఇప్పుడు ఆమె అన్న మాట విన్ననంటున్నరు. లేని మనిషి మాట ఎట్ల విన్నరు?"

అతను తల వంచుకున్నాడు. కింద ఎవరో హమాలీ మీద కేకలేస్తున్నారు. ఆ కేకలు తన మీదే వేస్తున్నట్టు అనిపించింది.

"నాకు అర్థం కానిది ఒకటేనండి," అన్నాడు చివరికి. "రిజిస్ట్రేషను అయింది. ఆ స్థలం అంతకుముందు ఎవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా అని ఈసీ తీయించి మరీ చూశాను. ఎక్కడా మచ్చ లేదు. పంచాయతీకి ఇంటిపన్ను కూడా నేనే కడుతున్నాను. ఇన్ని ఉండగా నాది నాది కాకుండా ఎలా పోతుందండీ?"

"రిజిస్ట్రేషన్ ఆఫీసు మీ దస్తావేజును నమోదు చేసుకుంటది, అంతే. అమ్మేటోడు అసలు హక్కుదారేనా అని ఊర్లెకు పోయి విచారించదు. అది కొనేటోళ్ళ పని. ఈసీల కనపడేది రిజిస్టరైన లావాదేవీలే. ఇంట్ల ఆడపిల్ల పుట్టిన సంగతి ఈసీల ఎక్కదు. తండ్రి కన్ను మూసిన ఘడియల్నే వారసులందరికి హక్కు వచ్చేస్తది. ఎవరూ రాసియ్యాల్సిన పని లేదు. వాళ్ళ చట్టంల కొడుకుకు రెండు పాళ్ళు, బిడ్డకు ఒక పాలు. అంటే సిరాజుద్దీన్‌ది మూడింట్ల రెండు వంతులే. తనకున్నదే మీకు అమ్మగలడు గాని, తనకు లేనిది ఎట్ల అమ్ముతడు? గా మూడోవంతు ఎన్నడూ సకీనా చేతుల్నుంచి పోలేదు."

"ఇన్నేళ్ళనుంచీ అనుభవంలో ఉన్నది నేనేగదండీ!"

"వాటాదారుల్ల ఒకరు జాగల ఉంటే, అందరి తరఫున ఉన్నట్టే చూస్తది కోర్టు. 'నీకిక్కడ ఏం లేదు పో' అని ఆమె మొఖం మీద చెప్పి, తర్వాత పన్నెండేండ్లు గడిచినయా? చెప్పిన్రా ఎన్నడన్న?"

లేదు. చెప్పడం మాట అటుంచి, స్థలం కొన్నాక ఎదురుపడిందే లేదు. సకీనా గాజుల బండి మేడ్చల్ బస్ డిపో పక్కన ఉంటుంది. ఆ బండి కనిపించగానే బుల్లిబాబు రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. లారీలు దూసుకొచ్చే హైవే మీద, ఆ గాజుల బండికి భయపడి అడ్డంగా దాటేవాడు.

"అయినా అది నేను వాదిస్త. గెలుస్తమని మాత్రం మాట ఇయ్యలేను," అంది పార్వతీదేవి. "నిజంగ తెల్వక, విచారించి, అప్పటికీ మోసపోయినోని మీద కోర్టుకు కొంచెం దయ ఉంటది. తెలిసి కొన్నోని మీద ఉండది. అందుకే అడుగుతున్న. ఆమె ఉన్నదని మీకు తెల్సా, తెల్వదా?"

బుల్లిబాబు కుర్చీలోంచి లేచాడు. "సాయంత్రం ఫోన్ చేస్తానండి."

"చెయ్యుండ్రి. ఒక్కటి మాత్రం మనసుల పెట్టుకోండ్రి. నేను సాక్షులకు పాఠం నేర్పే లాయర్ను కాదు. జరిగింది చెప్తే, ఎంత చెడ్డగున్నా, దాంతోటే కొట్లాడుత."

అతను మెట్లు దిగాడు. ఆవిడ తిట్టి ఉంటే బావుండేదనిపించింది.

షామీర్‌పేటలో బస్సు దిగి ఇంటి గేటు దగ్గరకు వచ్చేసరికి వరండా మెట్టు కింద పాత రబ్బరు చెప్పులు కనిపించాయి. అతని భార్య అమ్మాజీవి కావు. తలెత్తి చూశాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉన్నా సకీనా మెట్టు మీదే కూర్చుని ఉంది. బురఖా ముసుగు వెనక్కి తీసి ఉంది. జుట్టు సగం తెల్లబడింది. అయినా గుర్తుపట్టాడు. ఆ మొహం మర్చిపోవడానికి ఇన్నేళ్ళు పడ్డ పాటు అంతా వృథా అయింది.

అమ్మాజీ మంచినీళ్ళ గ్లాసుతో గడపలో నిలబడి ఉంది. "ఇదిగో వచ్చారు. మీతో ఏదో మాట్లాడాలటండీ. ఎండలో గేటు పట్టుకుని నిలబడిపోతే, కోర్టు గొడవ కోర్టులో చూసుకుందాంలే, ముందు లోపలికి రామ్మా అన్నాను. మంచినీళ్ళు కూడా ముట్టనంటోంది."

"తాగనని కాదమ్మా," అంది సకీనా. "ఒక మాట తేలినంక తాగుత." బుల్లిబాబు వైపు తిరిగింది. "సలాం భాయ్. నా హిస్సా మా అన్నకు ఇచ్చేసినని, నీ ముందటనే అన్ననని రేపు కోర్టుల చెప్తవంట గదా. మా గల్లీలంత అదే మాట. వకీళ్ళు ఏమన్న అంటరు, వాళ్ళను నేను అడుగుతలేను. నిన్నే అడుగుతున్న. నేను గట్లన్ననా భాయ్?"

బుల్లిబాబు గేటు గడియ పట్టుకునే ఉన్నాడు.  ఆమె చూపు తిప్పలేదు. బెదిరించేట్టు లేదా చూపు. తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

"లేదమ్మా," అన్నాడు. "అనలేదు."

అమ్మాజీ గడప దాటి ముందుకొచ్చింది. "అనలేదని మీకెలా తెలుసండీ? ఈవిణ్ణి మీరు చూసిందే లేదన్నారుగా?"

"చూసిండమ్మా," సకీనాయే చెప్పింది. "జాగా చూడనీకె వచ్చిన దినం మా అన్న ఇంట్ల నేనే చాయ్ ఇచ్చిన. చెక్కర తక్కువైందా భాయ్ అంటే, మంచిగున్నదమ్మా అన్నడు. నీ పేరేంది అని గూడ అడిగిండు."

అమ్మాజీ భర్త వైపు చూసింది. అతను గేటు వదిలి వచ్చి, వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

"నాకు నీ మీద కోపం లేదు భాయ్," అంది సకీనా. ఆ గొంతులో మెత్తదనానికి అతను బిత్తరపోయాడు. "నువ్వు పరాయి ఊరోనివి. మా ఇంటి సంగతి నీకేం తెలుస్తది? చెల్లెకు చెప్పినవా అని నువ్వు అడిగే ఉంటవు. చెప్పిన అని వాడు అబద్ధమాడి ఉంటడు. నన్నెట్ల ముంచిండో నిన్ను గూడ అట్లనే ముంచిండు. నీ ఇల్లు చూస్తే నాకే పాపమనిపిస్తది. దావా వేసేటప్పుడు గూడ మా వకీలుకు చెప్పిన, ఆయనది తప్పు లేదు, నా అన్నదే తప్పు అని."

 ఒక్కో మాటా వచ్చి బుల్లిబాబు మీద పడుతోంది.

సకీనా ఒళ్ళో చేతులు చూసుకుంటూ చెప్పుకుపోయింది. "ఇక్కడ గోడలు లేస్తుంటే నాకు తెలిసింది. మా అన్న దగ్గరికి ఉరికిన. 'నేనొక్కన్నే వారసున్నని రాసిచ్చినవా?' అని అడిగిన. తల దించుకొని నిలవడ్డడు, మాట్లాడలె. ఇగ గా దినం సంది వాని ఇంట్ల చుక్క నీళ్ళు తాగలె. నా మొగడు సచ్చిననాడు వచ్చిండు భాయ్. గడప దాక వచ్చిండు. నేను తలుపేసిన. జనాజా ఎత్తేటప్పుడు భుజం పడతనని ముందటికి వచ్చిండంట. చెల్లె హిస్సా తిన్నోని భుజం నా మొగనికి వద్దని లోపల్నుంచి కబురు పంపిన. గల్లీ చివర్ల గోడకు మొఖం పెట్టి ఏడ్చిండని తర్వాత మంది చెప్పిన్రు. ఏడ్వనీ అనుకున్న."

అమ్మాజీ కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా," అన్నాడు బుల్లిబాబు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మీ అన్నయ్య అబద్ధమాడలేదు."

సకీనా తలెత్తింది.

"రిజిస్ట్రేషను రోజున దస్తావేజు రాసే ఆయన అడిగాడు, వారసులు ఎంతమంది అని. మీ అన్నయ్య వెంటనే చెప్పాడమ్మా, నాకొక చెల్లె ఉంది అని. ఆవిడ సంతకం కూడా కావాలి అన్నాడు ఆయన. మీ అన్నయ్య నా వైపు తిరిగి, 'ఒక్క దినం ఆగుదాం భాయ్, రేపు సకీనాను తోల్కొస్త' అన్నాడు."

 పక్కింటి పంపులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనే ఆగనివ్వలేదు. రేపు నాకు సెలవు లేదన్నాను. పెళ్ళి చేసి పంపించేసిన ఆడపిల్ల సంతకం ఎందుకన్నాను. ఒక్కడివే అని రాయించెయ్యి, ఎవరొచ్చి అడుగుతారు అన్నాను. అతను 'వద్దు భాయ్, బాగుండదు' అన్నాడు. రెండుసార్లు అన్నాడమ్మా. ఇవాళ కాకపోతే నాకీ స్థలమే వద్దు, వేరేది చూసుకుంటానని లేచి నిలబడ్డాను. అప్పుడు అతను ఊరుకున్నాడు. ఏకైక వారసుడు అని రాసుకోండి అని ఆ రాసే ఆయనకు చెప్పింది నేనే. సంతకం పెట్టడం మీ అన్నయ్య తప్పే. కానీ ఆ మాట పుట్టింది నా నోట్లో."

అక్కడితో ఆపేయవచ్చని తెలిసి కూడా, మిగిలింది చెప్పాడు.

"మర్నాడు కూడా నాకు సెలవుందమ్మా."

"మరెందుకు?" అంది అమ్మాజీ. ప్రశ్న సకీనా అడగాల్సింది. అడిగింది మాత్రం ఆవిడ.

"వస్తే ఈవిడ వద్దంటుందేమోనని. లేదా ధర పెంచమంటుందేమోనని. స్థలం చెయ్యి జారిపోతుందని భయపడ్డాను."

సకీనా లేచి నిలబడింది. మెట్టు దిగి, వాకిట్లో రెండడుగులు వేసి, ఆగిపోయింది. ముసుగు మొహం మీదికి లాక్కుంది, మళ్ళీ తీసేసింది.

"ఒక్క దినం," అంది. ఎవరితోనూ కాదు. "ఒక్క దినం ఆగితే అయిపోతుండె. నేను వచ్చేదాన్ని భాయ్. సంతకం గూడ పెట్టేదాన్ని. అప్పట్ల మా అన్న అడిగితే నేను ఏది కాదన్న? వానికి బర్లను కొననీకె పైసలు గావాలెనని నాకు తెల్వదా? జాగా పోయిందని కాదు నా కడుపు మండింది. నన్ను అడగలేదని. నేను లేనే లేనని రాసిండని."

బుల్లిబాబు ఏడుస్తున్నాడు. ఆమె ఓదార్చలేదు. తిట్టనూ లేదు. అమ్మాజీ దగ్గరికి వెళ్ళి గ్లాసు అందుకుని, నిలబడే నీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఆవిడ చేతికే ఇచ్చింది.

"రేపు గిదే మాట కోర్టుల చెప్పుమని నేను అడగ భాయ్. చెప్తవో లేదో చూస్త." చెప్పులు వేసుకుంది. మేడ్చల్ బస్సుకు వెళ్ళే దారి కుడివైపు. ఆమె ఎడమవైపు తిరిగింది. సిరాజుద్దీన్ ఇల్లు ఉన్నది అటే.

 అమ్మాజీ ఆరేసిన బట్టలు తెచ్చి మడతలు పెట్టింది. ఒకే చీరను విప్పి మళ్ళీ మడిచింది. ఈ ఇంటి గోడలకు మూడు వీధుల అవతల నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి తడిపింది ఆవిడ. వంటింటి కిటికీ తూర్పుకే ఉండాలని మేస్త్రీతో పోట్లాడి పెట్టించుకుంది. అదంతా బుల్లిబాబుకు గుర్తుకొస్తూనే ఉంది.

"చెబితే ఏమవుతుంది?" అని అడిగింది చివరికి.

"మూడోవంతు ఆవిడదని తేలుస్తారు. ఇల్లు నట్టనడుమ ఉంది, ఎటు కోసినా తెగుతుంది. లేదంటే ఆవిడ వాటా విలువ మనం కట్టుకోవాలి. అదీ ఇవాళ్టి విలువ, మనం కొన్ననాటిది కాదు. రింగురోడ్డు వస్తుందన్న దగ్గర్నుంచీ ఇక్కడి ధరలు చూస్తున్నావుగా. మనవల్ల కాదు. అప్పుడు మొత్తం అమ్మి పంచమంటారు."

"చెప్పకపోతే?"

"ఇల్లు నిలబడుతుందేమో."

అమ్మాజీ చీర పక్కన పెట్టింది. "ఆవిణ్ణి అడగలేదు సరే. నన్నెందుకు అడగలేదండీ? ఆ రోజు ఇంటికొచ్చి ఇలా చేశానని నాతో ఒక్క ముక్క చెబితే, నేను ఒప్పుకునేదాన్నా? మీకు తెలుసు ఒప్పుకోనని. అందుకే చెప్పలేదు. పరాయి ఆడదాని స్థలంలో నాచేత దీపం పెట్టించారు ఇన్నేళ్ళూ."

 ఆవిడ లేచి వంటింట్లోకి వెళుతూ, "రేపు నేనూ వస్తాను కోర్టుకి," అంది. చెప్పమందో వద్దందో ఆ గొంతులో తెలియలేదు. అడిగే అర్హత తనకు లేదని బుల్లిబాబుకు తెలుసు.

బజారులోని ఎస్టీడీ బూత్ నుంచి పార్వతీదేవికి ఫోన్ చేశాడు. మొత్తం చెప్పాడు. అవతల ఎంతసేపటికీ మాట రాకపోతే లైను తెగిందేమోననుకున్నాడు.

"ఉన్న," అంది ఆవిడ. "తెల్లారి తొందరగ రాండ్రి. మీరు చెప్పినట్టే రాస్త. ఇల్లు దక్కుతదని మాత్రం ఆశ పెట్టుకోకుండ్రి."

మర్నాడు కోర్టు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. వాయిదాలకు వచ్చిన రైతులు, ప్లాట్ల పటాలు చంకలో పెట్టుకున్న బ్రోకర్లు, నల్లకోట్లు. టైపు చేయించిన కాగితాల మీద సంతకం పెట్టి బుల్లిబాబు ఒక మూల నిలబడ్డాడు.  బస్సులో అమ్మాజీ ఆడవాళ్ళ సీట్లలో, మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. ఇప్పుడు లోపల వెనక బల్ల మీద కూర్చుని ఉంది.

సిరాజుద్దీన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిన్న నా చెల్లె మా ఇంటికి వచ్చింది భాయ్," అన్నాడు. "నా బావ సచ్చినంక మొదటిసారి. గడపల నిలవడి అడిగింది, ఒక్క దినం ఆగుదామన్నవంట గదా, నిజమేనా అని. గా మాట నేను ఎన్నడూ చెప్పుకోలె. ఏ మొఖం పెట్టుకొని చెప్పుకోవాలె? అన్న గాని, మళ్ళ సంతకం పెట్టిన గదా. పైసలు తీసుకున్న గదా."

"ఏమన్నావు?"

"ఏమంట? కాళ్ళు పట్టుకున్న." చేతి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "హిబా గిబా ఏం లేదు, నేను గా మాట ఎత్తనని మా వకీలుకు చెప్పేసిన. కాని భాయ్, నువ్వు చెప్తే నీ ఇల్లు పోతది. తనది కానిది అమ్మినోడు కొన్నోనికి నష్టం ఇయ్యాలెనంట. నా దగ్గర నీకు వాపస్ ఇయ్యనీకె ఏం లేదు. ముందే చెప్తున్న."

"తెలిసి కొన్నవాణ్ణి. ఏ మొహంతో అడుగుతాను నిన్ను?" అన్నాడు బుల్లిబాబు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. అంతలో బంట్రోతు గుమ్మంలో నిలబడి బుల్లిబాబు పేరు గట్టిగా పిలిచాడు.

బోను చెక్క చేతికి నున్నగా తగిలింది. ప్రమాణం చేశాడు. జడ్జిగారు కాగితాలు ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. తలెత్తి పార్వతీదేవిని చూశారు. ఆవిడ లేచి, "నా క్లయింటు ఇష్టపూర్వకంగానే చెప్తున్నారండి," అని కూర్చుంది.

"ఇందులో రాసిందంతా మీరు చెప్పిందేనా?" అని జడ్జిగారు బుల్లిబాబును అడిగారు.

"నేను చెప్పిందేనండి."

"ఇది మీకే నష్టమని మీ లాయరు చెప్పారా?"

"చెప్పారండి."

"అమ్మినాయనకు ఒక చెల్లెలుందని, ఆస్తిలో ఆమెకూ వాటా ఉంటుందని తెలిసే కొన్నారా?"

బుల్లిబాబు గది చివరికి చూశాడు. ఒక బల్ల మీద సకీనా. నడవకు ఇవతల ఇంకో బల్ల మీద అమ్మాజీ. సకీనా అతన్నే చూస్తోంది. అమ్మాజీ నేల చూస్తోంది.

"చెల్లెలుందని తెలుసండి. ఆవిడ సంతకం కావాలని రాసే ఆయన చెప్పాడండి. అయినా తెలిసే కొన్నాను. ఆమెను పిలుచుకు వస్తానని అన్నయ్య అంటే, రానివ్వకుండా చేసింది నేనేనండి."

టైపు మిషను టకటకలాడి ఆగింది. కిక్కిరిసిన గదిలో ఎవరో నిట్టూర్చారు. చెప్పేశాక గుండె తేలికపడుతుందని నిన్నంతా అనుకున్నాడు. పడలేదు. గడప దగ్గరే నిలిచిపోయిన సిరాజుద్దీన్, గోడకు మొహం పెట్టుకున్న సిరాజుద్దీన్ కళ్ళముందు మెదులుతూనే ఉన్నాడు. ఆ రోజును తను వెనక్కి తేలేడు.

అప్పుడు అమ్మాజీ లేచింది.

నడవ దాటి సకీనా ముందుకు వెళ్ళి నిలబడింది. బొడ్లో దోపుకున్న ఇంటి తాళాలగుత్తి తీసింది. సకీనా ఏమిటన్నట్టు తలెత్తేలోపే ఆమె ఒళ్ళో పెట్టేసింది.  భర్త వైపు చూడలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, జనం పక్కకు తప్పుకుంటుంటే, గుమ్మం దాటి బయటికి నడిచింది.

"అమ్మాజీ!" అని అరిచాడు బుల్లిబాబు.

"సైలెన్స్!" అన్నాడు బంట్రోతు.

వరండాలోంచి, ఎండలోకి, బస్ డిపో వైపు వెళ్తున్న ఆవిడ వీపు కిటికీలోంచి ఇంకా కనిపిస్తోంది. బుల్లిబాబు దిగబోతూ ఒక కాలు బోను మెట్టు మీద పెట్టాడు.

"సాక్షి అక్కడే నిలబడాలి," అన్నారు జడ్జిగారు.

సకీనా లాయరు పరమేశ్ కోటు సర్దుకుంటూ లేచాడు. చేతిలో బుల్లిబాబు ఇప్పుడే సంతకం పెట్టిన కాగితాలున్నాయి.

"నిన్నటిదాకా దాచిన ఈ సంగతి," అన్నాడు నెమ్మదిగా, "మీ భార్యకు మొదట్నుంచీ తెలుసా, తెలియదా? తెలిసి కొన్నవాళ్ళ లెక్క వేరు, తెలియనివాళ్ళ లెక్క వేరు. ఆలోచించి చెప్పండి బుల్లిబాబుగారూ. ఎందుకంటే, ఆ ఇంట్లో సగం ఆవిడ పేరున ఉంది."